ప్లేట్ల వదిన పాస్తా చేసిన సంగతి

మా వదినకి వంట రాదన్నది మా కుటుంబానికి ఉమ్మడి ఆస్తి. అందరం సమానంగా పంచుకున్నాం, ఎవరి వాటా వాళ్ళం భద్రంగా కాపాడుకున్నాం, కొత్తగా వచ్చిన అల్లుళ్ళకీ కోడళ్ళకీ మొదటి భోజనం దగ్గరే అప్పజెప్పాం. ఇంతటి ఐకమత్యం మావాళ్ళలో మరే విషయంలోనూ నేను చూడలేదు.

ఈ ఆస్తికి మూలం ఒక బంగాళాదుంపల గిన్నె. వదిన కాపురానికి వచ్చిన మూడో వారం. అమ్మ ఆ రోజు అక్కవాళ్ళింటికి వెళ్తూ, సాయంత్రానికి దుంపలు ఉడకబెట్టి ఉంచమని కొత్తకోడలికి చెప్పింది. వదిన దుంపలు పొయ్యి మీద పెట్టి, ఈలోగా ఆరిన బట్టలు తెచ్చి మడతపెడదామని కూర్చుంది. మడత మొదలుపెడితే ఆవిడకి చుట్టూ కొంప అంటుకున్నా పట్టదు. మాటవరసకి అనడం లేదు, దాదాపు అంటుకుంది. నీళ్ళు ఇగిరిపోయాయి, దుంపలు బొగ్గులయ్యాయి, అమ్మ ప్రాణంగా చూసుకునే ఎనామిల్ గిన్నెకి అడుగున చిల్లు పడింది. నాకప్పుడు పదహారేళ్ళు. కిటికీలోంచి పొగ చూసి పరిగెత్తుకుంటూ వచ్చాను. మంచం మీద మా బట్టలన్నీ పేకముక్కల కట్టలా అంచుకి అంచు కలిసి ఉన్నాయి. నా చొక్కాకి అంత గౌరవం అంతకుముందెప్పుడూ దక్కలేదు. కానీ ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. గిన్నె సంగతి మాత్రం ఆ సాయంత్రమే వీధి వీధంతా చెప్పి వచ్చాను.

అప్పటి నుంచి వంటగది అమ్మది. అమ్మ ఓపిక తగ్గి అక్క దగ్గరికి మారాక అన్నయ్యది. అన్నయ్య ఇళ్ళకి రంగులు వేస్తాడు. వానాకాలం పనుండదు కాబట్టి గరిట పట్టాడు, తర్వాత ఎండాకాలం కూడా వదల్లేదు. వదిన ఉద్యోగానికి పోయేది, జీతం తెచ్చేది, ఇంటెడు బట్టలూ మడతపెట్టేది, పెట్టింది తినేది. ఎవరికీ ఏ ఇబ్బందీ లేదనుకున్నాం.

అమ్మ పుట్టినరోజుకి ఏటా అందరం అక్కవాళ్ళింట్లో కలుస్తాం. మా ముగ్గురిలోకీ అక్క పెద్దది. బడి ఆఫీసులో గుమాస్తా. ఇల్లు పెద్దది, వంటగదిలో ఓవెన్ ఉంది, దానికి తోడు జాబితాలు రాసే అలవాటు ఉంది. నెల ముందే అందరికీ జాబితా పంపుతుంది: ఎవరు ఏ వంటకం తేవాలో, ఎంతమందికి సరిపోవాలో, ఎన్నింటికి రావాలో. మా ఆవిడ పేరు పక్కన ఒక ఏడు సూప్ ఉంటే, ఒక ఏడు కేకు ఉండేది. వదిన పేరు పక్కన మాత్రం మారేది కాదు. కాగితం ప్లేట్లు, గ్లాసులు, చేతులు తుడుచుకునే కాగితాలు. ఇరవై ఎనిమిదేళ్ళు అదే వరస. పిల్లలు ఆవిడని ప్లేట్లత్త అనేవాళ్ళు. నిజానికి ఆ పని కూడా ఆవిడ ఎంత బాగా చేసేదో చెప్పుకోవాలి. ఎప్పుడూ నాలుగు ప్లేట్లు ఎక్కువే ఉండేవి, ఒక్కటీ వంకర పోయేది కాదు, తుడుచుకునే కాగితాలు పువ్వుల్లా మడిచి ఉండేవి. అందరం వాటితో మూతులు తుడుచుకుని, వంటకాలని మెచ్చుకుని ఇళ్ళకి పోయేవాళ్ళం.

ఇక ఆవిడ పనిచేసే చోటు. పెద్దాసుపత్రి కింద సెల్లారులో లాండ్రీ. పంతొమ్మిదో ఏట దుప్పట్లు మడతపెట్టే పనిలో చేరి, ఇప్పుడు ఇరవై రెండు మంది మీద పెద్దగా ఉంది. ఒకసారి ఆవిడకి కొత్త కళ్ళజోడు ఇవ్వడానికి అక్కడికి వెళ్ళాను. నాది కళ్ళజోళ్ళ షాపు. మెట్లు దిగుతుంటేనే ఆవిరి మొహానికి కొట్టింది. ఒకవైపు గదంత ఉతికే యంత్రాలు, ఇంకోవైపు మంచమంత రోలర్ ఇస్త్రీ. తడి దుప్పటి ఈ కొసన దూరి, ఆ కొసన కాగితంలా బయటికొస్తోంది. మధ్యలో మా వదిన, మాసిన గుట్ట ముందు నిలబడి, ఒక్కో గుడ్డని ఇలా చూసి అలా విసురుతోంది. ఇది మందు మరక, అది నూనె మరక, ఇది రక్తం, దీనికి వేడినీళ్ళు తగిలాయంటే జన్మలో పోదు, చల్లనీళ్ళలోకి. డాక్టరు జబ్బు చెప్పినట్టు చెబుతోంది. ఆపరేషన్ గదికి వెళ్ళే మూటలు ఆవిడ చెయ్యి పడందే పైకి వెళ్ళవట. పక్కనున్న బాయిలరాయన నాతో ఆ మాట చెబుతూ, తన సొంత కూతురి గురించి చెప్పినట్టు ఛాతీ విరిచాడు. నేనేం చేశానయ్యా అంటే, ఊరుకోలేక వాళ్ళందరికీ బంగాళాదుంపల కథ చెప్పాను. బాగా నవ్వారు. వదిన కూడా నవ్వింది. కళ్ళజోడు పెట్టుకుని, తీసి, తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుంది.

బహుశా ఆ కథ ఫలితమే అనుకుంటాను, ముప్ఫై ఏళ్ళ సర్వీసు పూర్తయినప్పుడు లాండ్రీవాళ్ళందరూ కలిసి ఆవిడకి స్లో కుక్కర్ బహుమతిగా ఇచ్చారు, కరెంటు మీద గంటల తరబడి నెమ్మదిగా వండేది. లోపల బరువైన పింగాణీ గిన్నె, పైన గాజుమూత, ముందు ఒక బిళ్ళ. ఆ బిళ్ళ తిప్పడానికి మూడే గుర్తులు: తక్కువ, ఎక్కువ, వెచ్చగా. "ఇందులో వేసి మర్చిపోయినా పర్లేదక్కా, మాడదు" అన్నారట. ప్రేమతోనే అన్నారు. కానీ మర్చిపోయినా పర్లేదన్న మాటని వదిన మర్చిపోలేదు. పెట్టెని అలమారా మీద పెట్టి ఏడాది పాటు ముట్టుకోలేదు.

అమ్మకి డెబ్భై అయిదు నిండే ఏడు వచ్చింది. అక్క జాబితా వచ్చింది. వదిన ఆ జాబితా రెండుసార్లు చదివి, అక్కకి ఫోన్ చేసింది. నేను వాళ్ళింట్లోనే కూర్చుని అన్నయ్య చేసిన టీ తాగుతున్నాను.

"వదినగారూ, ఈసారి ప్లేట్లు నేను తేను" అంది.

అవతల అక్క ఏమందో వినపడలేదు. వదిన మాత్రం నిలబడే మాట్లాడింది. పాస్తా తెస్తానంది. చీజ్ వేసి బేక్ చేసింది అంది. అవును, నేనే చేస్తాను అంది. లేదు, మా ఇంట్లో ఓవెన్ లేదు అంది. ఆ తర్వాత చాలాసేపు విని, "మీరు రాసుకోండి వదినగారూ, నేను తెస్తాను" అని పెట్టేసింది. అన్నయ్యా నేనూ ఒకళ్ళ మొహాలు ఒకళ్ళం చూసుకున్నాం. అయిదు నిమిషాల్లో నా ఫోన్ మోగింది. అక్క. ఓవెన్ లేకుండా బేక్ ఏమిట్రా, నీళ్ళు లేకుండా ఈత లాగా, డెబ్భై అయిదో ఏట అమ్మకి అజీర్తి చేస్తే పూచీ ఎవరిది అని అడిగింది. ప్లేట్ల సంగతి తనే చూసుకుంటానంది.

పెట్టెలో వచ్చిన చిన్న పుస్తకంలో పదకొండో పేజీలో ఆ వంటకం ఉంది. బొమ్మలో పాస్తా మీద చీజ్ బంగారు రంగులో పొంగి, అంచులు ఎర్రగా కాలి ఉన్నాయి. వదిన ఆ బొమ్మ కత్తిరించి ఫ్రిజ్ మీద అంటించింది. నాలుగు ఆదివారాలున్నాయి. రెండు వీధుల అవతలే ఉంటాను కాబట్టి రుచి చూసే ఉద్యోగం నాకు పడింది.

మొదటి ఆదివారం ఆవిడ పాస్తాని ముందురోజే నానబెట్టింది. పుస్తకంలో నానబెట్టమని ఎక్కడా లేదు. కానీ లాండ్రీలో ఏ పనైనా నానబెట్టడంతోనే మొదలు. ఎండి గట్టిపడింది ఏదైనా ముందు నానాల్సిందే, ఆ తర్వాతే వేడి. ముప్ఫై ఏళ్ళు నిజమైన సూత్రం పాస్తా దగ్గర అబద్ధమవుతుందని ఎవరనుకుంటారు? మూత తీసేసరికి లోపల తెల్లగా, జిగురుగా, నిశ్చలంగా ఏదో ఉంది. గరిట నిలబెడితే నిలబడింది.

"వదినా, ఇది ప్లేట్లో పెట్టేది కాదు, కాలర్లకి పెట్టేది" అన్నాను.

ఆవిడ నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. రెండు వేళ్ళతో కొంచెం తీసి, రుద్ది చూసి, "గంజి చిక్కదనం మాత్రం బాగుంది" అంది, పక్కా వృత్తిధర్మంతో.

రెండో ఆదివారం నానబెట్టలేదు. పచ్చి పాస్తా, టమాటా గుజ్జు, పాలు, తురిమిన చీజ్, వేయించిన ఉల్లిపాయలు వరసలుగా పేర్చి మూత పెట్టింది. ఈసారి చెడగొట్టింది అన్నయ్య. రంగులవాడు కదా, తడి ఆరిందో లేదో వేలు పెట్టి చూడందే ఉండలేడు. పది నిమిషాలకోసారి మూత ఎత్తాడు. ఎత్తిన ప్రతిసారీ కూడబెట్టుకున్న వేడంతా సీలింగు దాకా పోయింది. మూడు గంటల తర్వాత కూడా పాస్తా పళ్ళ కింద కరకరలాడింది. వదిన ఆ రోజు అన్నయ్యకి చెప్పినవి నేను ఇక్కడ రాయను. పెళ్ళయిన ఇరవై తొమ్మిదేళ్ళలో ఆయన వంటగదిలోంచి గెంటించుకోవడం అదే మొదటిసారి.

మూడో ఆదివారం పాస్తా ఉడికింది. రుచి కూడా ఫరవాలేదు. కానీ పైన చీజ్ తెల్లగా, తడితడిగా, జ్వరం మనిషి నుదురులా ఉంది. బొమ్మలోని బంగారు రంగు లేదు. పొంగు లేదు. అక్క ఒక్క చూపు చూస్తే చాలు, ఉడకబెట్టిన పాస్తా అని తేల్చేస్తుంది. అది వదినకీ తెలుసు. ఉడకబెట్టడం, కాల్చడం ఒకటి కావని మా అక్కకి ఎవరూ నేర్పక్కర్లేదు. పోనీలే వదినా, పేరు మార్చి పాస్తా అని ఊరుకుందాం, బేక్ అన్న మాట తీసేద్దాం అని నేను సలహా ఇచ్చాను.

ఆవిడ నా మాట వినట్లేదు. వంగి గాజుమూత లోపలివైపు చూస్తోంది. అక్కడ ఆవిరి చుక్కలు చుక్కలుగా పట్టి, జారి, ఒక్కొక్కటే చీజ్ మీద పడుతున్నాయి.

"మా ఆరబెట్టే యంత్రానికి గొట్టం మూసుకుపోతే దుప్పట్లు ఇలాగే ఉంటాయి" అంది. "వేడిగానూ ఉంటాయి, తడిగానూ ఉంటాయి. దీనికి వేడి చాలకపోవడం కాదు. ఆవిరి పోయే దారి లేదు."

లేచి బట్టల అలమారా దగ్గరికి వెళ్ళింది. కొత్త తువ్వాలు తీసి, మళ్ళీ లోపల పెట్టేసింది. కొత్త గుడ్డ నీళ్ళు తాగదట. నలభై యాభై ఉతుకులు పడి మెత్తబడ్డ నూలుగుడ్డే తాగుతుందట, అదీ నూగు రాలనిది. అలాంటి గుడ్డలు రెండు ఏరింది. ఒకదాన్ని రెండు మడతలు వేసి గిన్నె మీద బిగుతుగా పరిచి, పైన మూత పెట్టి, కిందికి వేలాడి వేడికి తగలకుండా నాలుగు మూలలూ మూత మీదికి మడిచింది. రోగి మంచం మీద దుప్పటి మూలలు మడిచినట్టు, ఒక్క ముడత లేకుండా. ఇక ఆవిరి పైకి లేస్తే గుడ్డ తాగుతుంది, చీజ్ పొడిగా ఉండి కాలుతుంది. గుడ్డ తడిసి బరువెక్కాక రెండోది మార్చాలి. మార్చేటప్పుడు మూత తీసినట్టు గిన్నెకి తెలియకూడదు అంది.

నాకు నమ్మకం కలగలేదు. కళ్ళజోళ్ళు అమ్ముకునేవాణ్ణి, ఆవిరి గురించి నాకేం తెలుసు? నాలుగో ఆదివారం నాకు హఠాత్తుగా బోలెడు పనులు గుర్తొచ్చాయి, రుచి చూడ్డానికి వెళ్ళలేదు. బాగా వచ్చిందని వదిన ఫోన్ చేసి చెప్పింది. కాకి పిల్ల కాకికి ముద్దు అనుకున్నాను.

పుట్టినరోజు పొద్దున నేనొక పని చేశాను. చెప్పుకోవడానికి ఇప్పటికీ మొహం చెల్లడం లేదు, కానీ ఇన్ని కథలు వదిన మీద చెప్పినవాణ్ణి ఒకటి నా మీద చెప్పుకోకపోతే అన్యాయం. వదిన వాళ్ళని ఎక్కించుకునే ముందు, దారిలో ఉన్న బేకరీలో పెద్ద ట్రే నిండా బేక్ చేసిన పాస్తా కొన్నాను. కారు డిక్కీలో దుప్పటి కింద దాచాను. నలుగురిలో ఆవిడ పరువు పోకూడదని, అవసరమైతే గుట్టుగా మార్చేద్దామని. నా మనసు మంచిదే. మంచి మనసుతో చేసే అవమానాలకే మందు ఉండదని తర్వాత తెలిసింది.

వదిన గిన్నె ఒడిలో పెట్టుకుని కూర్చుంది. లోపల వరసలు పేర్చి ఉన్నాయి, ఇంకా వండలేదు. వండిన వెంటనే తినాలి కాబట్టి అక్కడే వండుతానంది. తీరా వెళ్ళేసరికి అక్క వంటగదిలో ఓవెన్, కెటిల్, మిక్సీ అన్నీ పనిలో ఉన్నాయి. ఖాళీగా ఉన్న ప్లగ్గు ఒక్కటే, అది కూడా అమ్మ కూర్చున్న గదిలో, అమ్మ కుర్చీ పక్కన చిన్న బల్ల దగ్గర. చిల్లు గిన్నె యజమానురాలి పక్కనే. వదిన మొహం చూస్తే, ఆపరేషన్ గదిలోకి మూటకి బదులు తనే వెళ్తున్నట్టుంది.

గిన్నె పెట్టి, గుడ్డ పరిచి, మూలలు మడిచి, బిళ్ళ తిప్పి అత్తగారి ముందు నిలబడింది.

"అత్తయ్యా, ఒక్క మాట. మధ్యలో ఒక్కసారి గుడ్డ మార్చడానికి నేనే వస్తాను. అప్పటిదాకా ఎవరొచ్చినా మూత తియ్యనివ్వకండి."

అమ్మ గిన్నెని, గుడ్డని, కోడల్ని చూసింది. "నేను కూడానా?" అంది.

"మీరు కూడా."

అమ్మ కుర్చీని ఆ బల్లకి ఇంకాస్త దగ్గరికి జరుపుకుంది. ఆ తర్వాత రెండున్నర గంటలు ఆ గదిలో జరిగిన కాపలా గురించి ఒక పుస్తకం రాయొచ్చు. పుట్టినరోజు శుభాకాంక్షలు చెప్పడానికి వంగిన ప్రతివాళ్ళూ మూత వైపు చెయ్యి చాచారు. అమ్మ ప్రతి చేతి మీదా కొట్టింది. అన్నయ్య మూడుసార్లు వచ్చి మూడుసార్లు దెబ్బలు తిన్నాడు. మూడోసారి అమ్మ చేతికర్ర తీసింది. వాసన మాత్రం ఎవరి మాటా వినలేదు. మొదట పాల వాసన, తర్వాత ఉల్లిపాయది, చివరికి చీజ్ అంచు కాలుతున్న ఘుమఘుమ తలుపు దాటి హాల్లోకి వచ్చింది. అక్క వంటగదిలోంచి తొంగిచూసి, తన ఓవెన్ తలుపు తెరిచి, అందులోంచి కాదని నిర్ధారణ చేసుకుని మళ్ళీ మూసింది.

భోజనాల వేళయింది. పంతొమ్మిది మందిమి. అప్పుడు తేలింది, ప్లేట్లు లేవని. తనే చూసుకుంటానన్న అక్క మర్చిపోయింది. పాపం ఆవిడ తప్పు కాదు. ఇరవై ఎనిమిదేళ్ళు ఆ విషయం గురించి ఈ కుటుంబంలో వదిన తప్ప ఎవరూ ఆలోచించలేదు. అక్క ఇంట్లో పింగాణీ ప్లేట్లు ఎనిమిది. సాసర్లు, కేకు అచ్చులు, గిన్నెల మూతలు బయటికి వచ్చాయి. కారులో ఏమైనా ఉన్నాయేమో చూస్తానని అన్నయ్య నా తాళంచెవులు పట్టుకుపోయాడు. నేను ఆపేలోపే మెట్లు దిగిపోయాడు.

నెగ్గిన కప్పు పట్టుకొచ్చినట్టు ట్రే రెండు చేతులా ఎత్తి పట్టుకుని వచ్చాడు. "ప్లేట్లు లేవు గానీ, ఒరేయ్, డిక్కీలో ఇంకో పాస్తా ఉందిరా" అన్నాడు.

అందరి తలలూ ట్రే వైపు తిరిగాయి. దాని మీద బేకరీ చీటీ, చీటీ మీద ఆ రోజు తేదీ. వదిన అప్పుడే స్లో కుక్కర్ గిన్నెని అమ్మ గదిలోంచి తెచ్చి బల్ల మీద పెడుతోంది. మూత ఇంకా తియ్యలేదు. ట్రేని చూసింది, నన్ను చూసింది.

"ఎవరికి చిన్నోడా ఇది?"

మా షాపువాళ్ళకి అన్నాను. ఆ రోజు షాపుకి సెలవని అక్కడున్న చిన్నపిల్లలకి కూడా తెలుసు. ఆవిడ కళ్ళజోడు తీసింది, తుడుచుకుంది, పెట్టుకుంది. నేను భూమిలోకి కుంగిపోవడానికి అనువైన చోటు వెతుక్కుంటున్నాను.

"బల్ల మీద పెట్టండి" అంది అన్నయ్యతో. "నా గిన్నె పక్కనే పెట్టండి. వదినగారూ, ఇది చల్లబడి ఉంటుంది, మీ ఓవెన్లో కాస్త వేడిచేసి తెండి. చల్లారినదాన్ని ఓడిస్తే ఏం గొప్ప?"

అక్క నిజంగానే వేడిచేసి తెచ్చింది. అంతసేపూ వదిన మూత మీద చెయ్యి పెట్టుకుని నిలబడింది. ట్రే వచ్చాక, మూలలు విప్పి, మూతా గుడ్డా ఒక్క కదలికలో ఎత్తేసింది. గుడ్డలోంచి ఒక్క చుక్క కింద పడలేదు.

ఫ్రిజ్ మీది బొమ్మలా ఉందని అబద్ధం చెప్పను. బొమ్మలో మధ్య కూడా బంగారు రంగే. ఇందులో మధ్య లేత పసుపు. కానీ అంచులు! గిన్నె గోడకి ఆనుకున్న చోటల్లా చీజ్ ఎర్రగా, చిట్లిన పొరలా, కరకరలాడేలా కాలి ఉంది. గరిట దించితే ఆ చప్పుడు హాలంతా వినపడింది. అడుగున మెత్తటి పాస్తా, పొరపొరలుగా విడివడి, పాలూ టమాటా పీల్చుకుని నిండుగా. అమ్మకి మొదటి సాసరు. అమ్మ తిని, సాసరు మళ్ళీ చాచింది. ఆ తర్వాత ఎవరూ వరసలో నిలబడలేదు.

ట్రేలోంచి ఇద్దరు తీసుకున్నారు. ఒకరు మా ఆవిడ, నా మీద జాలిపడి. రెండోవాణ్ణి నేను.

గిన్నె అడుగు కనపడే వేళకి అక్క వచ్చింది, చేతిలో కేకు అచ్చు పట్టుకుని. అప్పటికే ఒకసారి తినడం నేను చూశాను, ఎవరూ చూడలేదని ఆవిడ అనుకుంది.

"అమ్మాయ్, అంచుల్లోది ఏమైనా మిగిలిందా?"

వదిన గరిటతో గోడ గీకి, ఉన్నదంతా ఆవిడ అచ్చులో వేసింది. అక్క నిలబడే తింది. తిని, ఓవెన్ ఉన్న వైపు ఒకసారి చూసి, "ఇది బేకే" అంది. ఆఫీసులో సర్టిఫికెట్ మీద ముద్ర వేసినట్టు, అంతకంటే ఒక్క మాట ఎక్కువ లేదు. ఆ తర్వాత, ఆ గుడ్డ సంగతి ఏమిటో ఒకసారి చెప్పమంది.

వదిన చెప్పింది. చుట్టూ జనం చేరారు. కొత్తగుడ్డ ఎందుకు పనికిరాదో, మూలలు ఎందుకు పైకి మడవాలో, ఎప్పుడు మార్చాలో, ఒక్కొక్కటే చేసి చూపిస్తూ చెప్పింది. గొంతు పెంచలేదు. సెల్లారులో విన్న గొంతే అది, ఇరవై రెండు మంది పని ఆపి వినే గొంతు. నా కుటుంబం దాన్ని మొదటిసారి వింటోంది. వెనకాల అమ్మ ఫోన్లో వాళ్ళ చెల్లెలితో మాట్లాడుతోంది. కేకు గురించి అడిగిందనుకుంటాను పిన్ని. "కేకు సరేనే, పాస్తా మా పెద్దకోడలు చేసింది. ఓవెన్ లేకుండా. నేనే దగ్గరుండి చూసుకున్నాను" అంటోంది. తర్వాత ఇంకో ఇద్దరికి ఫోన్ చేసి కూడా అదే చెప్పింది. వాళ్ళిద్దరూ పాస్తా గురించి అడగలేదు.

బయల్దేరేటప్పుడు వదిన దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను. ఆవిడే ట్రే తెచ్చి నా చేతుల్లో పెట్టింది.

"పడెయ్యకు మరిదీ, పాపం. నీ షాపువాళ్ళు ఎదురుచూస్తుంటారు."

మూడు రోజులు మధ్యాహ్నం భోజనం అదే తిన్నాను. ఏ పూటకి ఆ పూట మా ఆవిడ ఫోన్ చేసి రుచి ఎలా ఉందని అడిగింది.

గిన్నె కడిగి రేపు పంపిస్తానంది అక్క. వదిన ఒప్పుకోలేదు. కనీసం నానబెట్టనియ్యి, రేపటికి ఎండిపోయి గోడలకి పట్టేస్తుంది అంది అక్క. అయినా ఒప్పుకోలేదు. కడగని గిన్నెనే ఒడిలో పెట్టుకుని ముందు సీట్లో కూర్చుంది. దాన్ని ఇలాగే రేపు పనికి తీసుకెళ్తావా ఏమిటి అని వెనక సీట్లోంచి అన్నయ్య ఎగతాళి చేశాడు.

"తీసుకెళ్తాను. అక్కడ ఇరవై రెండు మంది ఉన్నారు. ఉత్తిమాట ఎవరు నమ్ముతారు?"

నేను కారు నడుపుతున్నాను. కూడలి దగ్గర ఎర్రదీపం పడింది. పక్క కారులో ఎవరో పెద్దమనిషి, ఒడిలో అంత పెద్ద గిన్నె పెట్టుకుని కూర్చున్న ఈవిడ ఎవరా అని చూశాడు. వదిన తల తిప్పలేదు. ఊరికే కూర్చున్నట్టే కూర్చుని, లోపల గోడలకి అంటుకున్న చీజ్ ఆయనకి బాగా కనపడేలా గిన్నెని కొంచెం అటువైపు వంచింది.